సర్వీసు రైఫిలు

సర్వీసు రైఫిలు అనగా ఒక దేశపు సైన్యం తన సైనికులకు అధికారికంగా ఇచ్చే, భుజానికి ఆనించి కాల్చే పొడవు గొట్టపు తుపాకి. దీని గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. ఈ గాడుల వెంట జారేటప్పుడు గుండు బొంగరం వలె తిరగడం మొదలుపెడుతుంది. అలా తిరుగుతూ పోవడం వలన గాలిలో పల్టీలు కొట్టక సూటిగా వెళ్తుంది. గాడులు తీయడాన్ని ఇంగ్లీషులో రైఫ్లింగ్ అంటారు, రైఫిలు అనే పేరు దాని నుండే వచ్చింది. గాడులు లేని నున్నని గొట్టం గల పాత తుపాకిని మస్కెట్ అంటారు. తెలుగులో రెండింటినీ తుపాకి అనే వ్యవహరిస్తారు గాని సైనికునికి ఈ తేడా తెలిసి ఉండాలి.

రైఫిలును వాడటం, విప్పి శుభ్రం చేసి తిరిగి బిగించడం, ఆగిపోయినప్పుడు సరిచేసుకోవడం సైనిక శిక్షణలో మొదటి పాఠాలు. వంట చేసే సిపాయి అయినా, గుమస్తా పని చేసే సిపాయి అయినా ఈ పాఠాల నుండి మినహాయింపు ఉండదు. ఈ వ్యాసంలో ఆ ప్రాథమిక విషయాలు భారత సైన్యపు రైఫిళ్ళను, గోదావరి జిల్లాలకు సంబంధించిన ఉదాహరణలను తీసుకొని వివరించబడినవి.

గోదావరి జిల్లాలతో సంబంధం

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం గ్రామాన్ని మిలిటరీ మాధవరం అని పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం (1914-18) నాటి నుండి ఈ గ్రామస్థులు తరతరాలుగా సైన్యంలో చేరుతూ వస్తున్నారు. తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ సైన్యంలో పనిచేసిన కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. ప్రాణాలు కోల్పోయిన సైనికుల జ్ఞాపకార్థం గ్రామంలో స్మారకం కూడా ఉంది. వరి చేలు, కాలువలు తప్ప కొండ కనిపించని డెల్టా గ్రామం నుండి వెళ్ళినవారు ఎడారిలోను, మంచు కొండలలోను తుపాకి పట్టవలసి వచ్చింది. ఒకే రైఫిలును ఈ మూడు చోట్ల ఒకే విధంగా చూసుకోవడం కుదరదు. ఈ విషయం వ్యాసంలో ముందు ముందు వస్తుంది.

తెలుగు ప్రాంతాల నుండి సైన్యంలో చేరినవారిలో పలువురు మద్రాసు రెజిమెంటులోను, బెంగుళూరు కేంద్రంగా గల మద్రాసు సాపర్స్‌లోను చేరేవారు. మద్రాసు రెజిమెంటు శిక్షణ కేంద్రం నీలగిరులలోని వెల్లింగ్టన్‌లో ఉంది. ఫిరంగి దళానికి హైదరాబాదులోను, మరమ్మతుల దళమైన ఈ.ఎం.ఈ.కి సికింద్రాబాదులోను శిక్షణ కేంద్రాలు ఉన్నాయి.

మన్యం పోలీసు స్టేషన్లపై దాడులు

డెల్టాకు ఎగువన గల మన్యంలో 1922లో జరిగిన సంఘటనలు ఆయుధం, మందుగుండు, వాటి నిర్వహణ ఒకదానిపై ఒకటి ఎంతగా ఆధారపడి ఉంటాయో చూపుతాయి. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో సుమారు 300 మంది 1922 ఆగష్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేశారు. అక్కడ 11 తుపాకులు, 5 కత్తులు, 14 బాయొనెట్లు, 1390 తూటాలు స్వాధీనం చేసుకున్నారు. ఏమేమి తీసుకువెళ్ళినదీ స్టేషను రికార్డులో వ్రాసి రాజు సంతకం చేశాడని ప్రతీతి. మరునాడు కృష్ణదేవిపేటలో 7, ఆ మరునాడు రాజవొమ్మంగిలో 8 తుపాకులు లభించాయి. మూడు దాడులలో కలిపి 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు అని లెక్క.

ఈ లెక్కను సైనిక దృష్టితో చూస్తే కొన్ని సంగతులు తెలుస్తాయి. మూడు వందల మందిలో తుపాకి దొరికేది పన్నెండు మందిలో ఒకరికి. ఒక్కొక్క తుపాకికి వచ్చే తూటాలు వంద లోపే. నాటు తుపాకికి మందు, రవ్వలు ఊరిలోనే సమకూర్చుకోవచ్చు గాని, కర్మాగారంలో తయారయ్యే ఇత్తడి తొడుగు తూటాను అడవిలో తయారు చేయడం సాధ్యం కాదు. అందుచేత గురి నేర్పడానికి తూటా ఖర్చుచేస్తే పోరాటానికి మిగలదు, నేర్పకపోతే పోరాటంలో వృథా అవుతుంది. సాధారణ సైన్యంలో సిపాయి యుద్ధానికి వెళ్ళే ముందే శిక్షణలో ఎన్నో తూటాలు కాల్చి ఉంటాడు. అతని వెనుక నూనె, గుడ్డ, విడి భాగాలు సరఫరా చేసే వ్యవస్థ ఉంటుంది. ఈ లోటును మన్యం వీరులు చాలా వరకు భూభాగ పరిచయంతో పూడ్చుకున్నారు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో మాటు వేసి చేసిన దాడిలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిషు అధికారులు మరణించారు. ఇరుకైన కనుమలో పొంచి ఉండి దగ్గర నుండి కాల్చేవారికి దూరపు గురి అంతగా అవసరం లేదు.

తూటా, రైఫిలు పనిచేసే తీరు

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: కొనలో గుండు, దాని వెనుక మందు, రెంటినీ పట్టి ఉంచే ఇత్తడి తొడుగు, తొడుగు అడుగున దెబ్బకు మండే చిన్న టోపీ. మీట నొక్కినప్పుడు ఫైరింగ్ పిన్ టోపీని తాకుతుంది, టోపీలోని నిప్పు మందును అంటుకుంటుంది. మందు కాలి ఏర్పడే వాయువు గుండును గొట్టం గుండా నెడుతుంది. ఆ క్షణంలో ఇత్తడి తొడుగు వ్యాకోచించి చాంబరు గోడలకు అతుక్కొని వాయువు వెనుకకు రాకుండా మూస్తుంది. ఒత్తిడి తగ్గగానే సడలుతుంది. ఎక్స్‌ట్రాక్టర్ అనే కొక్కెం ఖాళీ తొడుగును వెనుకకు లాగుతుంది. దీనిని భారత సైన్యంలో ఖోకా అంటారు. చాంబరులో తుప్పు గాని గరుకు గాని ఉంటే ఖోకా సడలక అక్కడే ఇరుక్కుపోతుంది. తుపాకి ఆగిపోవడానికి గల కారణాలలో ఇది ముఖ్యమైనది.

తూటా చాంబరులోనికి వెళ్ళడం, బోల్టు తాళం పడటం, పేలడం, తాళం విడటం, ఖోకా బయటకు రావడం, స్ప్రింగు తిరిగి బిగియడం - ఈ క్రమం ఏ రైఫిలులోనైనా ఒకటే. బోల్టు రైఫిలులో దీనిని చేయి చేస్తుంది. స్వయంచాలక రైఫిలులో గొట్టం నుండి ఒక సన్నని రంధ్రం ద్వారా మళ్ళించిన కొంత వాయువు పిస్టనును నెట్టి చేస్తుంది. ఈ క్రమం కంఠస్థమైన సైనికుడు తుపాకి ఎక్కడ ఆగిందో చూసి కారణం చెప్పగలుగుతాడు. బొమ్మను బట్టీ పెట్టినవాడు చెప్పలేడు.

భారత సైన్యపు రైఫిళ్ళు

పాతతరం వారు త్రీనాట్‌త్రీ అని పిలిచేది లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు. గొట్టం వ్యాసం .303 అంగుళం (7.7 మి.మీ.). బరువు సుమారు 4 కిలోలు, మ్యాగజైన్‌లో 10 తూటాలు పడతాయి. ఐదేసి తూటాలు గల క్లిప్పులతో పై నుండి నింపుతారు. 1907లో వచ్చిన మార్క్ 3 నమూనా బెంగాలులోని ఇచ్ఛాపూర్ రైఫిల్ కర్మాగారంలో కూడా తయారయ్యేది. రెండు ప్రపంచ యుద్ధాలలో భారతీయ సిపాయిల చేతిలో ప్రధానంగా ఉన్నది ఈ కుటుంబపు తుపాకులే. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటిషు సైన్యంలో 300 గజాల దూరంలోని గురిపై నిమిషానికి 15 తూటాలు కాల్చడం ఒక పరీక్షగా ఉండేది.

ఈ తూటా అడుగున అంచు వెడల్పుగా ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు క్రింది తూటా అంచుకు ముందు వైపున ఉండాలి. తలక్రిందులుగా పడితే రెండూ ఒకదానికొకటి తగులుకొని బోల్టు ముందుకు పోదు. ఇంకొక సంగతి, ఈ రైఫిలు బోల్టుపై రైఫిలు నంబరే ఉంటుంది. పదిమంది కలిసి శుభ్రం చేసుకునేటప్పుడు బోల్టులు తారుమారు అయితే తుపాకి పైకి బాగానే కనిపించినా, బోల్టుకు చాంబరుకు మధ్య ఎడం తప్పి తొడుగు చిట్లి కాల్చేవాని ముఖానికి ప్రమాదం కలగవచ్చు.

1962 చైనా యుద్ధంలో భారతీయ సైనికుల వద్ద ఎక్కువగా ఉన్నవి ఈ బోల్టు రైఫిళ్ళే. ఆ తరువాత బెల్జియం దేశపు ఎఫ్.ఎన్. ఫాల్ ఆధారంగా ఇచ్ఛాపూర్‌లో తయారైన 7.62 మి.మీ. ఎస్.ఎల్.ఆర్. (1ఏ1) విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. 20 తూటాల మ్యాగజైన్, మీట నొక్కిన ప్రతిసారీ ఒక తూటా. పొడవుగా, బరువుగా ఉండేది గాని దెబ్బ బలమైనది. 1971 యుద్ధంలో పాల్గొన్నవారు ఈ తుపాకి గురించి ఇప్పటికీ అభిమానంగా చెబుతారు.

1990లలో 5.56 మి.మీ. ఇన్సాస్ ప్రవేశించింది. చిన్న తూటా కావడం వలన సైనికుడు అదే బరువుకు ఎక్కువ తూటాలు మోయగలుగుతాడు. దీని మీటను సేఫ్, ఒక్కొక్క తూటా, మూడు తూటాల వరుస అనే మూడు స్థానాలలో ఉంచవచ్చు. మ్యాగజైన్ లోపలి తూటాలు కనబడే ప్లాస్టిక్‌తో చేశారు. 1999 కార్గిల్ యుద్ధంలో అతిశీతలానికి ఈ మ్యాగజైన్లు పగిలాయని ఫిర్యాదులు వచ్చాయి. ఇన్సాస్ స్థానంలో ఏకే-203 రైఫిళ్ళు ప్రవేశపెట్టడానికి 2021 డిసెంబరులో రష్యాతో ఒప్పందం కుదిరింది. 7.62×39 మి.మీ. తూటాను కాల్చే ఈ రైఫిళ్ళు ఉత్తరప్రదేశ్ అమేథీ జిల్లాలోని కోర్వాలో తయారవుతున్నాయి. దీనికన్నా ముందు 2019లో అమెరికా నుండి 72,400 సిగ్ 716 రైఫిళ్ళు కొనుగోలు చేయడానికి ఒప్పందం జరిగింది.

భద్రతా నియమాలు

శత్రువు కన్నా ముందు తుపాకి తన చుట్టూ ఉన్నవారికే ప్రమాదకారి. ఖాళీ అనుకున్న తుపాకి పేలి తోటివారు గాయపడటం, మరణించడం అన్ని దేశాల సైన్యాలలోను జరుగుతూనే ఉంది. కాబట్టి శిక్షణలో కాల్చడం కన్నా ముందు ఖాళీ చేయడం నేర్పుతారు.

చేతిలోకి వచ్చిన ప్రతి తుపాకి నిండి ఉన్నదనే భావించాలి. ఇప్పుడే ఖాళీ చేశానని ఇచ్చినవాడు చెప్పినా సరే, తీసుకున్నవాడు బోల్టు తెరిచి చాంబరులోకి చూడాలి, చీకటి అయితే వేలితో తడిమి చూడాలి. గొట్టం ఎప్పుడూ ప్రాణహాని లేని దిక్కుకే చూపాలి. కాల్చాలని నిశ్చయించేవరకు వేలు మీట మీదికి పోకూడదు. గురి వెనుక ఏమున్నదో తెలియనిదే కాల్చకూడదు. సర్వీసు రైఫిలు గుండు గురి తప్పితే కిలోమీటర్ల దూరం పోగలదు. డెల్టా వంటి చదునైన, జనసాంద్రత గల ప్రాంతంలో గుండును ఆపేందుకు కొండ ఉండదు, కాబట్టి ఫైరింగు రేంజిలో ఎత్తైన మట్టికట్ట తప్పనిసరి. కాల్పులు జరుగుతున్నంతసేపు ఎర్ర జెండా ఎగురవేస్తారు.

ఖాళీ చేసే క్రమంలో ఎక్కువమంది తడబడే చోటు ఒకటి ఉంది. మొదట మ్యాగజైన్ తీయాలి, తరువాత బోల్టును వెనుకకు లాగాలి. ఈ క్రమం తప్పి ముందు బోల్టు లాగి తరువాత మ్యాగజైన్ తీస్తే, బోల్టు ముందుకు వచ్చేటప్పుడు కొత్త తూటా చాంబరులోకి చేరిపోతుంది. మ్యాగజైన్ లేదు గదా అని మీట నొక్కితే పేలుతుంది. సేఫ్టీ క్యాచ్ ఒక ఇనుప ముక్క మాత్రమే. అరిగిపోవచ్చు, పొరపాటున జరగవచ్చు. దాని మీద భారం వేసి పై నియమాలను సడలించకూడదు.

రేంజి నుండి బయలుదేరే ముందు ప్రతి ఒక్కరూ తన వద్ద సజీవ తూటా గాని, ఖోకా గాని మిగలలేదని బిగ్గరగా ప్రకటించాలి. తూటాలను, ఖోకాలను లెక్కపెట్టి అప్పగించిన తరువాతనే కదులుతారు. ఒక్క ఖోకా తగ్గినా దొరికేవరకు గడ్డిలో వెదకవలసినదే.

ఆదేశాలు, గురి

భారత సైన్యంలో ఆదేశాల భాష హిందీ. గోదావరి జిల్లాల నుండి వెళ్ళే యువకులలో పలువురికి ఇది మొదట్లో రైఫిలు కన్నా కష్టంగా ఉంటుంది. భర్ అంటే నింపు, ఖాలీ కర్ అంటే ఖాళీ చేయి, జాంచ్ శస్త్ర్ అంటే పరీక్షకు ఆయుధం చూపు. విప్పడం బిగించడాన్ని ఖోల్నా జోడ్నా అంటారు, గురి పట్టడాన్ని శిస్త్ లేనా అంటారు. ఆయుధాలు భద్రపరచే గది కోత్. పదవీ విరమణ చేసి వచ్చినవారి తెలుగులో ఈ మాటలు అలవోకగా దొర్లుతూ ఉంటాయి.

గురిలో ప్రధానమైనవి నాలుగు: శరీర స్థితి, పట్టు, ఊపిరి, మీట. పడుకొని కాల్చేటప్పుడు రైఫిలు బరువు ఎముకల మీద పడాలి. కండరాల బలంతో మోస్తే కొద్దిసేపటికే గురి వణుకుతుంది. బట్టును భుజపు గుంటలో గట్టిగా ఆనించాలి, వదులుగా పట్టుకుంటే వెనుక తన్నుకు భుజం వాస్తుంది. వెనుక గురి మధ్యలో ముందు గురి కొనను నిలిపి, కంటి చూపును ముందు గురి కొన మీదనే ఉంచాలి. లక్ష్యం కొంత మసకగా కనబడటం సహజమే. కొత్తవారు లక్ష్యం వైపు చూస్తూ ముందు గురిని మరచిపోతారు. ఊపిరి సగం విడిచి, క్షణకాలం ఆపి, మీటను వేలి మొదటి కణుపుతో మెల్లగా నొక్కుతూ పోవాలి. ఎప్పుడు పేలుతుందో ముందుగా ఊహించి భుజం బిగిస్తే గుండు ప్రక్కకు పోతుంది.

ఒకరి రైఫిలు మరొకరికి సరిపోదు. కళ్ళు, మెడ పొడవు, చెంప ఆనించే తీరు మనిషి మనిషికీ వేరు. అందుకే ప్రతి సైనికుడు తన రైఫిలుతో ఒకే చోట గురిపెట్టి కొన్ని తూటాలు కాలుస్తాడు. అవి ఒక గుంపుగా పడితే అతని పట్టు నిలకడగా ఉన్నట్లు లెక్క. గుంపు కేంద్రం ఎటు జరిగి ఉందో చూసి గురి భాగాలను సర్దుతారు. దీనిని జీరోయింగ్ అంటారు. గుంపే పడనప్పుడు గురి భాగాలను సర్దడం వృథా, ముందు మనిషిని సరిదిద్దాలి. జీరో చేసిన రైఫిలు క్రిందపడినా, గురి భాగాలకు దెబ్బ తగిలినా మరల జీరో చేయాలి. తన రైఫిలు నంబరును, బట్టు నంబరును నిద్రలో అడిగినా చెప్పగలగాలి.

శుభ్రపరచుట

రైఫిలు శుభ్రత మూడు సందర్భాలలో వేరువేరుగా ఉంటుంది: కాల్చే ముందు, కాల్చే మధ్యలో, కాల్చిన తరువాత. కాల్చే ముందు గొట్టంలోను, చాంబరులోను ఉన్న నూనెను పూర్తిగా తుడిచివేయాలి. నూనె ఉన్న గొట్టంతో కాలిస్తే మొదటి తూటాలు గురి తప్పుతాయి. తూటాలకు నూనె రాయడం ఇంకా ప్రమాదం. తొడుగు చాంబరు గోడలను పట్టుకోలేక మొత్తం ఒత్తిడి బోల్టు మీద పడుతుంది. మధ్యలో విరామం దొరికినప్పుడు బోల్టును, పిస్టనును తుడుచుకుంటారు. కాల్చిన తరువాత వీలైనంత త్వరగా, గొట్టం వెచ్చగా ఉండగానే శుభ్రం చేయాలి. ఆపై కొన్ని రోజుల పాటు రోజూ మరల గుడ్డ లాగి చూడాలి. లోహపు పైపొరలో ఇంకిన మసి మరునాడు చెమట వలె పైకి వస్తుంది.

శుభ్రం చేసే ప్రధాన సాధనం పుల్‌త్రూ. ఇది ఒక కొనన బరువు, మరొక కొనన గుడ్డ పట్టే ఉచ్చు గల త్రాడు. లీ-ఎన్‌ఫీల్డ్ బట్టు లోపలి గుంటలో పుల్‌త్రూ, చిన్న నూనె బుడ్డి ఇమిడి ఉండేవి. శుభ్రం చేసే గుడ్డను చిందీ అంటారు. పొడిగా తుడవడానికి 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు గల చిందీ, నూనె పట్టించడానికి అంతకన్నా సన్నగా, ఒకటిన్నర అంగుళం వెడల్పు గల చిందీ వాడతారు. బరువును చాంబరు వైపు నుండి జారవిడిచి మూతి వైపుకు ఒకే ఊపులో లాగాలి. మధ్యలో ఆపితే గుడ్డ ఇరుక్కుపోతుంది. త్రాడును ప్రక్కకు వంచి లాగితే అది మూతి అంచును ఒరుసుకొని అరగదీస్తుంది. గుండు తుపాకిని విడిచే చివరి చోటు అదే కాబట్టి అక్కడ ఏమాత్రం అరిగినా గురి పాడవుతుంది. కాల్చి కాదు, శుభ్రం చేసి పాడుచేసిన రైఫిళ్ళు చాలా ఉన్నాయి.

త్రీనాట్‌త్రీ కాలంలో వేడినీళ్ళు కూడా అవసరమయ్యేవి. ఆనాటి తూటా టోపీలోని రసాయనం కాలిన తరువాత గొట్టంలో ఉప్పు వంటి పదార్థం, అంటే పొటాషియం క్లోరైడు, మిగిలిపోయేది. ఉప్పు నూనెలో కరగదు. ఎంత నూనె పట్టించినా దాని క్రింద ఉప్పు తేమను పీల్చుకుంటూ గొట్టాన్ని తినేది. మరిగే నీరు గరాటుతో చాంబరు వైపు నుండి పోసి, వేడికి గొట్టం దానంతట అదే ఆరిన తరువాత నూనె పట్టించేవారు. ఆధునిక తూటాలలో ఈ రసాయనం వాడరు. నేటి సైనికునికి వేడినీళ్ళతో పని లేకపోవడానికి కారణం ఇదే.

ఎస్.ఎల్.ఆర్., ఇన్సాస్ వంటి వాయువుతో పనిచేసే రైఫిళ్ళలో గొట్టంతో పాటు గ్యాసు రంధ్రం, పిస్టను, సిలిండరు కూడా చూడాలి. అక్కడ గట్టిపడే మసిని గీకి తీసి, ఆ భాగాలను పొడిగా ఉంచాలి. నూనె పూస్తే వేడికి మాడి మరింత మసిగా మారుతుంది. జారే భాగాలకు మాత్రం పలుచని నూనె పొర అవసరం. చెక్క బట్టుకు అవిసె నూనె పట్టించేవారు, దాని వలన చెక్క తేమకు ఉబ్బదు.

తేమ, ఇసుక, మంచు

గోదావరి డెల్టా వాతావరణం ఇనుముకు అనుకూలమైనది కాదు. అంతర్వేది నుండి కాకినాడ వరకు సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. కాలువలు, వరిచేల వలన గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు ఎక్కువగానే ఉంటుంది. చెమట చేతితో పట్టుకున్న బోల్టుపై మరునాటికే వేలిముద్రల ఆకారంలో తుప్పు కనబడుతుంది. తోలు సంచిలో, తడి గుడ్డలో చుట్టి దాచిన తుపాకి బయట ఉంచినదానికన్నా త్వరగా తుప్పు పడుతుంది. గొట్టం మూతికి గుడ్డ కుక్కడం మరొక దురలవాటు. గుడ్డ తేమను పట్టి ఉంచుతుంది, మరచిపోయి కాలిస్తే గొట్టం ఉబ్బడం గాని పగలడం గాని జరుగుతుంది. మట్టి, నీరు చేరినా అదే ప్రమాదం. ముఖ్యంగా 5.56 మి.మీ. వంటి సన్నని గొట్టంలో చేరిన నీరు తనంతట తాను కారిపోదు. కాలువ దాటిన తరువాత బోల్టును కొద్దిగా వెనుకకు లాగి మూతిని క్రిందికి వంచితే గాలి చొరబడి నీరు దిగిపోతుంది.

ఇక్కడివారు ఇనుప సామానుకు కొబ్బరినూనె రాయడం అలవాటు. రైఫిలుకు అది పనికిరాదు. వృక్ష నూనెలు గాలికి చిక్కబడి జిగురు అవుతాయి, వాటిలోని ఆమ్లాలు లోహానికి మంచివి కావు. పైగా కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన గడ్డకడుతుంది. కోనసీమలోనే శీతాకాలపు ఉదయాన సీసాలో పేరుకునే నూనె కాశ్మీరులో ఎలా ఉంటుందో చెప్పనవసరం లేదు.

డెల్టాలో నూనె ఎక్కువ కావాలి, రాజస్థాన్ ఎడారిలో తక్కువ కావాలి. నూనె మీద ఇసుక అంటుకుంటే ఆకురాయి వలె భాగాలను అరగదీస్తుంది. సియాచిన్ వంటి చోట్ల సాధారణ నూనె చిక్కబడి బోల్టును పట్టివేస్తుంది, కాబట్టి చలికి తగిన నూనెను అతి పలుచగా వాడతారు. చలిలో ఉన్న రైఫిలును వెచ్చని గుడారంలోకి తెస్తే దాని మీద నీటి ఆవిరి పేరుకుంటుంది. తిరిగి బయటకు తీసుకువెళ్తే అది మంచుగా మారి లోపలి భాగాలు కదలవు. ఒకచోట నేర్చిన అలవాటును మరొకచోట గుడ్డిగా పాటించడం వలన వచ్చే చిక్కులు ఇవి.

కాల్పులలో ఆటంకాలు

మీట నొక్కినా పేలకపోతే వెంటనే బోల్టు తెరవకూడదు. టోపీ ఆలస్యంగా మండే అవకాశం ఉన్నందున గొట్టాన్ని గురి వైపే ఉంచి కొంతసేపు ఆగాలి. తరువాత బోల్టును లాగి లోపలికి చూడాలి. యుద్ధరంగంలో ఇంత వ్యవధి ఉండదు. అక్కడ మ్యాగజైన్ సరిగా బిగించి ఉన్నదో లేదో చరచి చూసి, బోల్టు లాగి వదిలి, తిరిగి గురిపెట్టడం అలవాటుగా చేయిస్తారు. చీకటిలో, కళ్ళకు గంతలు కట్టి దీనిని సాధన చేయిస్తారు.

తెరచి చూసినప్పుడు కనబడేదాన్ని బట్టి కారణం తెలుస్తుంది. మ్యాగజైన్ ఖాళీ అయి ఉండవచ్చు. ఖోకా చాంబరులోనే ఉంటే ఎక్స్‌ట్రాక్టర్ విరగడం గాని చాంబరు మురికి కావడం గాని కారణం. బోల్టు పూర్తిగా వెనుకకు రాకుండా మందకొడిగా కదిలితే గ్యాసు చాలలేదన్నమాట. ఎస్.ఎల్.ఆర్.లో రెగ్యులేటరు తిప్పి వాయువు మోతాదు పెంచవచ్చు, కాని మసి పేరుకున్న ప్రతిసారీ మోతాదు పెంచుకుంటూ పోతే భాగాలు దెబ్బతింటాయి. మ్యాగజైన్ పెదవులు వంగినా, స్ప్రింగు బలహీనపడినా తూటా సరిగా పైకి రాదు. రైఫిలును బాగా తుడిచి మ్యాగజైన్‌ను పట్టించుకోనివారే ఎక్కువ.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది శబ్దం తక్కువగా, తన్ను లేకుండా పేలినప్పుడు. మందు సరిగా కాలక గుండు గొట్టం మధ్యలోనే నిలిచి ఉండవచ్చు. దాని వెనుక మరొక తూటా కాలిస్తే గొట్టం పగులుతుంది. అటువంటప్పుడు రైఫిలును ఖాళీ చేసి గొట్టం చూడకుండా ముందుకు పోరాదు.

సైనికుడు చేయదగినవి ఇంతవరకే. గొట్టం మార్చడం, గురి భాగాలు బిగించడం, మీట యంత్రాంగాన్ని విప్పడం ఆర్మరర్ పని. ఆర్మరర్లు ఈ.ఎం.ఈ. దళానికి చెందినవారు. సిపాయి తనకు తెలిసినంతలో స్ప్రింగులు సాగదీయడం, మీటను తేలిక చేయడానికి ఆకురాయి పెట్టడం నేరంగా పరిగణించబడుతుంది.

ఎన్.సి.సి. శిక్షణ

1948లో ఏర్పడిన ఎన్.సి.సి. ద్వారా రాజమహేంద్రవరం, కాకినాడ వంటి పట్టణాల కళాశాలల విద్యార్థులు కూడా ఈ పాఠాలు నేర్చుకుంటారు. వారికి .22 అంగుళపు చిన్న రైఫిలు ఇస్తారు, 25 గజాల దూరంలోని గురిపై కాల్పిస్తారు. ఇది బోల్టు రైఫిలే. చిన్నదైనా భద్రతా నియమాలు, పుల్‌త్రూ, చిందీ, ఖాళీ చేసే క్రమం అన్నీ పెద్ద రైఫిలుకు ఉన్నట్లే ఉంటాయి. ఎన్.సి.సి. నుండి సైన్యానికి వెళ్ళినవారు తొలి వారాలలో మిగిలినవారికన్నా తేలికగా నిలదొక్కుకోవడానికి ఇది ఒక కారణం.

చట్టం

సర్వీసు రైఫిళ్ళు, వాటి తూటాలు భారత ఆయుధాల చట్టం, 1959 ప్రకారం సామాన్య పౌరులకు నిషిద్ధమైన బోరు వర్గానికి చెందినవి. సైనికునికి కూడా రైఫిలు సొంత ఆస్తి కాదు. కోత్‌లో సంతకం చేసి తీసుకొని, సంతకం చేసి తిరిగి అప్పగించాలి. నిర్లక్ష్యం వలన ఆయుధాన్ని పోగొట్టుకోవడం సైనిక చట్టం, 1950 క్రింద శిక్షార్హమైన నేరం. పదవీ విరమణ చేసేటప్పుడు పెట్టె, పరుపు ఇంటికి వస్తాయి గాని, ఏళ్ళ తరబడి నంబరుతో సహా గుర్తున్న రైఫిలు మాత్రం కోత్‌లోనే ఉండి తరువాతి రిక్రూటు పేరున నమోదవుతుంది.